మామయ్య పిస్టల్, నా ఎక్సెల్ షీట్

మామయ్య పిస్టల్ కొన్నాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి "ఏం కొన్నాడు?" అని రెండోసారి అడిగాను. "పిస్టలే. పాతదట, చవగ్గా వచ్చిందట. ఆదివారం మీ నాన్నకి చూపించడానికి తెస్తున్నాడు, నువ్వు కూడా రా" అంది.

మామయ్యకి మోండా మార్కెట్ దగ్గర చిన్న తాకట్టు కొట్టు ఉంది. 2022లో ఒక రాత్రి కొట్టు కట్టేసి వస్తుంటే ఇద్దరు బైక్ మీద వెంటబడి, రాడ్‌తో భుజం మీద కొట్టి సంచీ లాక్కుపోయారు. సంచీలో పెద్దగా ఏమీ లేదు. పన్నెండు కుట్లు పడ్డాయి. అవి మానాయి గానీ, ఆ తర్వాత మామయ్య స్కూటర్ అద్దంలో తప్ప ముందుకి చూడ్డం మానేశాడు. ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు. ఈ వ్యాసం రాయడానికి ఇంతకాలం పట్టింది కూడా అందుకే.

నాన్న ఈఎంఈలో ఆర్మరర్. అంటే ఆయుధాలు బాగుచేసే పని. రిటైరయ్యాక, చివరి పోస్టింగ్ పడిన తిరుమలగిరి వదలబుద్ధి కాక అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో మిక్సీ పాడైనా ముందు విప్పి, గుడ్డ పరిచి, స్క్రూలు వరసలో పెట్టాకే మాట్లాడతాడు. మామయ్య పిస్టల్‌నీ అలాగే విప్పాడు.

ఇక్కడ సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మన దేశంలో సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం లాంటి సైజులు మామూలు లైసెన్సుదారుడికి నిషేధం. పిస్టల్ కావాలంటే ఎక్కువగా .32 దగ్గరే ఆగాలి. ఆ తూటా జాన్ బ్రౌనింగ్ 1899లో తయారుచేసినది. కొత్త ఆయుధాలు చవకేం కాదు. ఢిల్లీ ఘటన తర్వాత, 2014లో, కాన్పూర్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని 'నిర్భీక్' అనే అరకిలో బరువున్న .32 రివాల్వర్ తెచ్చింది. ధర 1,22,360 రూపాయలు. ఏ ఆడవాళ్ళ కోసమో ఆ ధరే చెప్తుంది. కాబట్టి మామయ్య లాంటివాళ్ళు పాతవాటి వైపు చూస్తారు. ఈయన కొన్నది ఒక పెద్దాయన వయసైపోయి అమ్మేసినది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

"నమ్మొచ్చా బావా?" అన్నాడు మామయ్య.

నాన్న జవాబు చెప్పేలోపు నేను దూరాను. టెస్టింగ్ నా వృత్తి కదా. గణాంకాల్లో ఒక చిన్న సూత్రం ఉంది. ఒక వస్తువుని ఎన్ సార్లు పరీక్షిస్తే ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదనుకోండి. అప్పుడు 95 శాతం ధీమాతో చెప్పగలిగేది, ఫెయిల్యూర్ రేటు సుమారు మూడు బై ఎన్ లోపు ఉంటుందని మాత్రమే. 300 తూటాలు పేలి ఒక్కటీ తట్టుకోకపోతే ఒక శాతం లోపు. 50 పేలితే ఆరు శాతం లోపు. వందకి ఆరుసార్లు మొరాయించే అవకాశం ఇంకా కొట్టేయలేం అన్నమాట.

మామయ్య లైసెన్సు పుస్తకం తీశాడు. ఏడాదికి ఆయనకి రాసిన తూటాలు 50. నా 300 పూర్తవ్వాలంటే ఆరేళ్ళు పడుతుంది. పైగా 50 తూటాలూ పరీక్షకే వాడేస్తే పిస్టల్‌ని నమ్మొచ్చని తేలుతుందేమో గానీ, అందులో పెట్టుకోవడానికి ఒక్క తూటా మిగలదు. మా ఆఫీసులో ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తే క్లయింట్‌కి తిప్పి పంపేస్తాం. చివరికి 40 కాల్చి 10 ఉంచుకుందాం అనుకున్నాం.

రేంజ్‌లో నేను లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. తూటా నంబరు, పేలిందా లేదా, కారణం అని మూడు కాలమ్స్. మొదటి పది బాగానే పోయాయి. పదకొండోది పైకి రాలేదు, స్లైడ్ సగంలో ఆగిపోయింది. నాన్న దాన్ని సరిచేసి ఇచ్చాడు. పందొమ్మిదో తూటా దగ్గర మళ్ళీ అదే.

ఆ రెండోసారి జరిగింది నా షీట్‌లో లేదు. పిస్టల్ ఆగిపోగానే మామయ్య "ఇదిగో, మళ్ళీ ఇరుక్కుంది చూడు" అంటూ మా వైపు తిరిగాడు. చేతిలో పిస్టల్‌తో, ట్రిగ్గర్ మీద వేలితో. ఆ గొట్టం నా ఛాతీ మీదుగా వెళ్ళింది. నాన్న ఒక్క అంగలో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుని కిందికి దించేశాడు. అరవలేదు. "వేలు తియ్" అన్నాడంతే. రేంజ్ ఆయన మాత్రం గట్టిగానే అరిచాడు.

నాన్న మ్యాగజైన్ తీసి వెలుతురులో చూశాడు. తూటాని పట్టి ఉంచే పై అంచులు ఒకపక్క వంగి ఉన్నాయి. స్ప్రింగ్ కూడా అలిసిపోయింది. .32 తూటా అడుగున సన్నటి అంచు ఉంటుంది. లోడ్ చేసేటప్పుడు పైదాని అంచు కిందిదాని వెనక్కి జారినా ఇలాగే బిగుసుకుంటుందని చూపించాడు. పిస్టల్‌లో ముందే మొరాయించేది మ్యాగజైన్ అట. రివాల్వర్‌కి ఆ గొడవ లేదు. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితే చాలు, పక్క గది ముందుకొస్తుంది. పాత ఓనర్ ఇచ్చిన రెండో మ్యాగజైన్ పెట్టాక, మిగతా 21 తూటాలూ ఆగకుండా పోయాయి. మూడు బై 21, అంటే 14 శాతం లోపు. నా లెక్క అక్కడితో ఆగిపోయింది.

తిరిగొస్తూ కార్లో నాన్న నాతో మెల్లగా అన్నాడు: "పిస్టల్ సర్వీసబుల్ రా. మీ మామయ్యే కాదు."

ఆర్మీలో ఆయుధాన్ని రిపేరుకి తీసుకున్నా, తిరిగి ఇచ్చినా కార్డు మీద రాసేది ఆ ఒక్క మాటే. అది మనిషికి వాడడం నేనెప్పుడూ వినలేదు. మేం సిస్టమ్స్ డిజైన్ చేసేటప్పుడు యూజర్‌ని బొమ్మలో బయట నిలబెడతాం, చిన్న పుల్లల మనిషిగా. ఆ రోజు నా ఛాతీ మీదుగా వెళ్ళింది మ్యాగజైన్ లోపం కాదు. లోపం వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నదే. దానికి నా షీట్‌లో కాలమ్ లేదు. 2016 ఆయుధ నియమాలు లైసెన్సుకి ముందు శిక్షణ తీసుకోవాలంటాయి. మామయ్య దగ్గర ఆ సర్టిఫికెట్ ఉంది. ఉండి కూడా జరిగింది.

మామయ్యకి నేనే చెప్పాను, అమ్మేయమని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీ శాతాలు నాకర్థం కావురా. ఆ రాత్రి నా చేతిలో ఏమీ లేదు. అప్పుడు ఎంత శాతం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అమ్మలేదు. తర్వాత 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు, 2024 మే నెలలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. రెండుసార్లూ కొన్ని వారాల పాటు దాన్ని తీసుకెళ్ళి స్టేషన్‌లో అప్పజెప్పాల్సి వచ్చింది. మా భాషలో చెప్పాలంటే డౌన్‌టైమ్. ఆ వారాల్లో మామయ్య కొట్టు ఏడింటికే కట్టేసి, పక్క షాపు కుర్రాడిని తోడు తీసుకుని ఇంటికొచ్చేవాడట. పిస్టల్ తిరిగొచ్చాక కూడా అలాగే వస్తున్నాడని అత్తయ్య చెప్పింది.

నెలకో ఆదివారం మా ఇంటికి వస్తాడు. నాన్న గుడ్డ పరుస్తాడు. ముందు మ్యాగజైన్ తీయడం, తర్వాత గది ఖాళీగా ఉందో లేదో కంటితో, వేలితో చూడడం. వేలు ట్రిగ్గర్ బయట. ఇరుక్కుంటే గొట్టం ఎదురుగానే ఉంచి, తిరగకుండా, నోటితో చెప్పడం. ఖాళీ పిస్టల్‌తో ముప్పైసార్లు చేయిస్తాడు. కిందటి నెల నాన్న కావాలని వెనక నుంచి "ఒరేయ్" అని పిలిచాడు. మామయ్య తల మాత్రమే తిప్పాడు. పిస్టల్ కదల్లేదు.

నేను షీట్‌లో నాలుగో కాలమ్ కలిపాను.