చేపముల్లు ఏరియల్

“వ్యవసాయం చదివేవాడివి, నీకు ఏరియల్ ఎందుకోయ్?” అని రాజేంద్రనగర్ హాస్టల్లో నన్ను అడగనివాడు లేడు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒక్కసారే చెప్పేస్తున్నాను.

హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలయ్యాక మిద్దెలమీద చేపముల్లులాంటి ఏరియల్స్ వెలిశాయి. ఒకరు పైన తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి “వచ్చింది... పోయింది!” అని కేకలేసిన రోజులు పెద్దలకు గుర్తే. దాని పేరు యాగీ-ఉడా. 1926లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో పుట్టింది. ప్రయోగాలు ఎక్కువగా చేసినవాడు షింటారో ఉడా. ఇంగ్లీషులో వ్యాసం రాసిన ప్రొఫెసర్ యాగీ పేరే లోకంలో నిలిచింది. పరిశోధక విద్యార్థులు గమనింతురు గాక!

దీని కిటుకు చిన్నదే. తీగ కలిపేది మధ్య కడ్డీకి మాత్రమే. వెనుక కాస్త పొడుగు కడ్డీ, ముందు కాస్త పొట్టి కడ్డీ ఊరికే ఉంటాయి. కానీ తరంగం తగలగానే అవీ పలుకుతాయి. ఆ పలుకులు ముందువైపు కూడుకుంటాయి, వెనుకవైపు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కొత్తగా శక్తి ఏమీ పుట్టదు. నలుదిక్కులా చెదిరిపోయేది ఒక దిక్కుకు మళ్ళుతుంది. మూడు కడ్డీలతోనే ఆ దిక్కున సుమారు 5 రెట్లు బలం వస్తుంది.

నేను ఎంచుకున్నది హామ్ రేడియోవాళ్ళ 145 మెగాహెర్ట్జ్. తరంగం పొడవు 2 మీటర్లపైన 7 సెంటీమీటర్లు. పీవీసీ పైపు, పాత సామాన్ల కొట్లో తూకానికి కొన్న అల్యూమినియం కడ్డీలు, కొంచెం కేబులు, ఇంతే పెట్టుబడి. వెనుకది 103 సెంటీమీటర్లు, ముందుది 91, మధ్యది 98. మధ్యదాన్ని నడిమికి కోసి, రెండు సగాలను జడపిన్నులా వంచిన తీగతో కలిపాను. ప్రసారం చేయాలంటే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి గనుక, లైసెన్సున్న సీనియర్ అన్న తన సెట్టూ మీటరూ పట్టుకొచ్చాడు.

మొదట ఎస్.డబ్ల్యూ.ఆర్. 3 చూపింది. అంటే పంపినదాంట్లో పాతికవంతు వెనక్కి తిరిగొస్తున్నట్టు. “పొడుగైతే కోయొచ్చు, పొట్టయితే అతకలేం. నిదానం తమ్ముడూ,” అన్నాడు అన్న. మధ్య కడ్డీకి రెండు కొసలా 3 మిల్లీమీటర్ల చొప్పున కోయడం, మీటరు చూడడం. బట్టలారేసే ఇనుపతీగ దగ్గరికి పోతే ముల్లు ఎగిరేది, దూరంగా వస్తే దిగేది. అయిదోసారి కోశాక 1.3 దగ్గర నిలిచింది. తిరిగొచ్చేది నూటికి రెండు కూడా లేదు.

ఆ సాయంత్రం కడ్డీలు నిలువుగా ఉండేలా పట్టుకుని ఈశాన్యానికి, అంటే నగరంవైపు తిప్పాం. అంతవరకు బుసలో మునిగిపోయిన ఓ మిత్రుడి గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు వినిపించింది. వెనక్కి తిప్పితే మాయం! అన్న నవ్వలేదు. “ఆపదలో ఉన్నవాడు ఎటున్నాడో కూడా ఇలాగే వెతుకుతారు,” అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. సెల్‌ఫోనుండగా ఇదెందుకనే వాళ్ళకు ఒక్క సంగతి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 26న సునామీ వచ్చి టెలిఫోన్లు మూగబోతే, అండమాన్ నుంచి కబుర్లు మోసింది వాళ్ళ హామ్ రేడియో. తుపానులెరిగిన కోస్తావాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. రేపు మనలో చాలామంది ఉద్యోగాలకు పోయేదీ ఆ ఊళ్ళకే.

రైతు ఎటున్నాడో అటు చెవి తిప్పాల్సిన చదువు మనది. అందుకే, నాకు ఏరియల్ ఎందుకో అడిగిన మిత్రులారా, నా గదిలో ఇంకా రెండు గజాల పైపు మిగిలుంది. ఆదివారం రండి, రంపం నేనిస్తాను!