ముందు ‘అమ్మ’ను చూడాలి!
తల్లిని చూసి పిల్లను చేసుకోమన్నారు పెద్దలు. సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌లోనూ అదే సూత్రం! సీటీసీగా పేరుపడ్డ ఈ కంప్యూటర్‌ బజారులో అంతస్తుల నిండా కొట్లే. గేమింగ్‌ కంప్యూటర్‌ కోసం ఏ కూచిపూడి నుంచో వచ్చిన కుర్రాడి చూపు ముందు రంగుల దీపాల మీదే పడుతుంది. కానీ మొదట తేల్చుకోవాల్సింది మదర్‌బోర్డు సంగతి. ప్రాసెసర్‌ కూర్చునే సాకెట్‌ ఉండేది దాని మీదే. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్‌ 2016 నాటిది, డీడీఆర్‌4 మెమరీతో పనిచేస్తుంది. 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్‌5 కావాల్సిందే. పాతది చవగ్గా కుదరొచ్చు. రేపు కొత్త తరం ప్రాసెసర్‌ వేద్దామంటే మాత్రం బోర్డూ మెమరీ రెండూ మార్చాలి. ఆ బరువు మళ్లీ నాన్న జేబు మీదే! అందుకే బేరానికి ముందే సాకెట్‌ ఏదో, మెమరీ ఏదో అడగాలి. దీపాలదేముంది, తర్వాతైనా తగిలించుకోవచ్చు!