డిగ్రీలో క్రిమినాలజీ అంటున్నాడా మీవాడు?

ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో క్రిమినాలజీ తీసుకుంటానని మీ ఇంట్లో పిల్లో పిల్లాడో అన్నారనుకోండి. హిందూపురంలోనైనా ధర్మవరంలోనైనా ముందొచ్చే మాట ఒకటే: "పోలీసు కావల్లంటే ఆ సదువే ఏమిటికి?" నిజమే, ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. కానీ దొంగను పట్టుకోవడం ఈ చదువులో ఒక మూల మాత్రమే. నేరం ఎందుకు జరిగింది, దాన్ని నేరమని ఎవరు నిర్ణయించారు, శిక్ష పడ్డాక ఆ మనిషి ఏమవుతాడు, నష్టపోయినవాడి గతేంటి... అసలు పాఠాలు ఇవండీ. వీటికి ఉదాహరణలు వెతుక్కుంటూ లండన్ దాకా పోనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

పెనుకొండనే తీసుకోండి. ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీలో సుమారు 900 ఇంజిన్లు మాయమయ్యాయని 2025లో బయటపడింది కదా! ఇంజినంటే జేబులో వేసుకుపోయే వస్తువు కాదు. ఒక్క రాత్రిలో పోయినవీ కావు, ఐదేళ్లుగా పోతూ వచ్చాయన్నారు. లోపలివాళ్ల చెయ్యి ఉంటుందని పోలీసులు అనుమానించారు. ఉద్యోగాన్నీ నమ్మకాన్నీ అడ్డం పెట్టుకుని చేసే నేరాల మాటేమిటని అమెరికాలో ఎడ్విన్ సదర్లాండ్ 1939లోనే అడిగాడు. పేదరికమే నేరానికి మూలమనే వాదన చాలదన్నాడు. పెనుకొండ పిల్లలకు ఆ పాఠం చెప్పడం ఎంత తేలికో చూడండి.

నా మనసు ఎక్కువ లాగేది మాత్రం ధర్మవరం మగ్గాల వైపే. అంచూ బుటాలూ ఉన్న పట్టుచీర లాంటి కొన్ని రకాలు చేనేతకే చెందాలని 1985లో చట్టం చేశారు. వాటిని మరమగ్గం మీద నేస్తే నేరమని, జైలు కూడా పడొచ్చని ఆ చట్టంలో రాశారు. గుంతలో కాళ్లు పెట్టుకుని, జరీ పోగు తెగితే వెతికి ముడేసుకుంటూ, ఇంటిల్లిపాదీ రోజులకు రోజులు కూర్చుంటే ఒక్క చీర దిగుతుంది. అదే డిజైను మరమగ్గం మీద గంటల్లో దిగిపోతుంది. చేనేతేనని చెప్పి అమ్మితే కొన్నామెకు మోసం తెలియదు. నేసినాయనకు తెలుసు, కానీ స్టేషనుకు పోయి ఎవరి మీద ఫిర్యాదు ఇస్తాడు? కత్తి లేదు, రక్తం లేదు, అందుకే మనం దాన్ని నేరంగానే చూడం. నాకది సహించదు. డిగ్రీ పిల్లలు నలుగురు మగ్గాల వీధుల్లో తిరిగి, ఆ నష్టం ఎంతో ఇంటింటా అడిగి రాసుకొస్తే అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ఇంకొకటి, ఇది తప్పకుండా చదవాలి. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. మన ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలన్నారు. వేలిముద్రలు, హాజరీలు, ఊరు దాటాలంటే అనుమతి! ఆ చట్టం 1952 కల్లా దేశమంతటా పోయింది. ముద్ర పోవడానికి చట్టం రద్దయితే చాలదు, చదువుకున్నవాళ్లు కూడా పూనుకోవాలి.

సరే, ఎక్కడ చదవాలంటారా? హిందూపురం దాటితే కర్ణాటకే కాబట్టి, ధార్వాడ, మైసూరు వైపు కాలేజీలు చూడండి. అయితే ఫోరెన్సిక్ సైన్సు వేరు, క్రిమినాలజీ వేరు. రక్తం, వేలిముద్రలు పరీక్షించాలనుకునేవాళ్లకు సైన్సు పునాది కావాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి పోయే ఏర్పాటు రాష్ట్రాలు ఐదేళ్లలోగా చేయాలి, కాబట్టి అటు అవసరం పెరిగేదే.

చేర్చే ముందు సిలబస్ అడిగి తెచ్చుకోండి. కోర్టుకూ, జైలుకూ, పిల్లల హోముకూ తీసుకుపోతారా అని నేరుగా అడగండి. మన అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీలు సేద్యం చేసే ఓపెన్ ఎయిర్ జైలుంది. అలాంటిదాన్ని చూపించే ఉద్దేశమే లేని కోర్సయితే ఇంకో కాలేజీ చూసుకోండి.