చెదిరిన నవల

స్నేహితురాలు కూర్చిన గళ్ళ నుడికట్టు ఒకటి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టింది. అందులో ఒక ఆధారం: "చెదిరిన నవల కారణంగా (3)".

చదవగానే మనసు పుస్తకాల మీదికి పోతుంది. పోవాలనే అలా రాసింది. నిజానికి 'చెదిరిన' అంటే అక్షరాలు అటూ ఇటూ మార్చమని, 'కారణంగా' అన్నది జవాబుకి అర్థం. న, వ, ల కలిపి చూడండి... 'వలన'! మూడు మాటల్లో ఒక్కటీ వృథా పోలేదు. ఎంత ముచ్చటేసిందో!

ఇంకోటి: "పాప రాగంలో పుప్పొడి (3)". 'లో' అని చెప్పనే చెప్పింది. ఆ రెండు మాటల మధ్యే 'పరాగం' ఉంది.

ఇలాంటి మెలికలుండే ఇంగ్లీషు క్రిప్టిక్‌లో గడికో లెటరు, ఎలాగైనా కలపొచ్చు. మనకి గుణింతాలూ ఒత్తులూ అక్షరాన్ని అంటిపెట్టుకునే కదులుతాయి. కాబట్టి ఇంత శుభ్రంగా కుదరడం కష్టం. ఆరుద్ర, శ్రీశ్రీ అంతటివాళ్ళు గళ్ళు కూర్చడానికి కూర్చున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు, అదీ కవి పనే. ఉత్త పర్యాయపదాలు అడిగే గళ్ళు నాకు రుచించవు.

మీకొకటి వదులుతున్నా: "తీగ తిరగబడితే శిరస్సు (2)".