కుండలోంచి తాత గొంతు

‘‘గిదేందిరా... మీ తాత కుండల కూసోని పాడుతున్నట్టుంది!’’

నాయనమ్మ ఆ మాట అనగానే నాన్న ఫక్కున నవ్వాడు. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఆ కుండను పగలగొట్టడానికే కదా అప్పటికి మూడు ఆదివారాలు ఖర్చు పెట్టాను!

యాదగిరిగుట్ట కింద మా ఇల్లు. తాత అక్కడ భజన బృందంలో పాడేవాడు. 1991లో ఎవరో టేప్‌రికార్డర్ పట్టుకొస్తే మా పాత పెంకుటింట్లోనే ఒక క్యాసెట్ నింపారు. హార్మోనియం, ఢోలక్, తాళాలు, మధ్యలో తాత. రెండోవైపు ఒకచోట పాట ఆపి ‘చాయ్ వెట్టినవా?’ అని నాయనమ్మను అడుగుతాడు. తాత పోయాక ఇంట్లో మిగిలిన ఆయన గొంతు అదొక్కటే. టేపు ముడతలు పడుతోందని హైదరాబాద్‌లో పెళ్లి వీడియోలు తీసే దుకాణంలో ఇచ్చి కంప్యూటర్ ఫైలుగా మార్పించాను.

ఈలోగా పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. చిక్కంతా అక్కడే. నాయనమ్మ మంచం ఉన్న గది పొడవు పన్నెండడుగులు. అన్నివైపులా సిమెంటు గోడలు. అలాంటి గదిలో కొన్ని బరువైన ధ్వనులు గోడకూ గోడకూ మధ్య చిక్కుకుని ఊగుతూ ఉండిపోతాయి. పన్నెండడుగులకు లెక్క కడితే మొదటిది సుమారు 47 హెర్ట్జ్, దాని రెట్టింపు 94. మగవాళ్ల మాట అడుగు స్వరం సాధారణంగా 100కు కాస్త అటూఇటూగా ఉంటుంది. తాత మాట్లాడినా, మంద్రంలోకి దిగినా గది బుంయ్‌మనేది అందుకే.

దీనికి కంప్యూటర్‌లో మందు ఉంది. రూమ్ కరెక్షన్ అంటారు. నాయనమ్మ దిండు దగ్గర మైకు పెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్పీకర్లలోంచి కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా ఒక కూత పంపాను. (పక్కింటి కుక్క బదులిచ్చింది. మళ్లీ పంపాను.) గది ఎక్కడ ఎంత ఉబ్బిస్తోందో గీత గీసి చూపించింది. 94 దగ్గర చిన్న గుట్టే లేచింది. దాన్ని అంతే మేర తగ్గించే ఫిల్టర్ తయారుచేసి పాటల ప్లేయర్‌కు తగిలించాను. సీడీల నుంచి ఎక్కించుకున్న పాత సినిమా పాటలు పెడితే... ఆహా! గది ఉందన్న సంగతే మరిచిపోయాం. ఆ ఊపులోనే నాయనమ్మను కూర్చోబెట్టి తాత ఫైలు పెట్టాను. తర్వాత ఏమైందో మొదటే చెప్పాను కదా.

తప్పు టేపుదే అనుకున్నాను. టేపు రికార్డింగే అంత అని సర్దిచెప్పాను. నాయనమ్మ ఒప్పుకోలేదు. ‘‘పెంకుటింట్ల ఇన్నప్పుడు గిట్ల లేకుండె’’ అంది. అరవై కిలోమీటర్ల తిరుగు ప్రయాణమంతా ఆ మాటే చెవిలో మోగింది.

సమాధానం ఫైలు వివరాల్లోనే ఉంది. సీడీల్లో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. దీన్ని శాంపుల్ రేటు అంటారు. తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద రికార్డు చేసేవారు. టీవీ గీతల లెక్కకు సరిపోవడం వల్ల ఆ వింత అంకె వచ్చి, 1982లో మార్కెట్‌కొచ్చిన సీడీలోనూ అదే స్థిరపడింది. వీడియో వాళ్లది వేరే దారి. 24, 25, 30 ఫ్రేములకు శేషం లేకుండా తెగే 48,000 వాళ్లకు సుఖం. పెళ్లి వీడియోల దుకాణం కనుక మా తాత కూడా 48,000లోనే దిగాడు!

అయితే ఏమైంది అంటారా? ఫిల్టర్ అంటే వరసగా పేర్చిన అంకెల జాబితా. అంకెకూ అంకెకూ మధ్య ఎంత సమయమో ఆ జాబితాలో ప్లేయర్‌కు కనిపించదు. నాది సీడీల కోసం 44,100లో రాసిన జాబితా. పాట ఏ రేటులో ఉంటే సౌండ్‌కార్డు కూడా అదే రేటుకు మారేలా ప్లేయర్‌ను సెట్ చేసింది కూడా నేనే. మధ్యలో విండోస్ వేలు పెట్టకూడదన్న అతి తెలివి! దాంతో తాత ఫైలు రాగానే అదే జాబితా 48,000 వేగంతో పరిగెత్తింది. మీటర్లలో రాసుకున్న కొలతను దర్జీ గజాల్లో కత్తిరించినట్టు, అన్నీ దాదాపు తొమ్మిది శాతం జరిగాయి. 94 దగ్గర పడాల్సిన కోత 102 దగ్గర పడింది. గుట్ట అలాగే ఉంది, దాని పక్కన గొయ్యి తవ్వాను. కొన్ని ప్లేయర్లు రేటు తేడాను కనిపెట్టి ఫిల్టర్‌ను తామే మార్చుకుంటాయి. కొన్ని పాడను పొమ్మంటాయి. వాటితో బాధ లేదు. నాది మాత్రం నోరు మూసుకుని తప్పుగా పాడింది.

మళ్లీ మైకు పెట్టి కొలవాల్సిన పని లేదు. గది మారలేదు కదా! పాత కొలతల నుంచే 48,000కు ఇంకో ఫిల్టర్ రాయించి, ఏ రేటు పాటకు ఆ రేటు ఫిల్టర్ తగిలించాను. ఇంత తంటా వద్దనుకుంటే పాటలన్నిటినీ ఒకే రేటుకు మార్చి పంపేలా ప్లేయర్‌ను కట్టడి చేసి, ఒక్క ఫిల్టర్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇంటి వాడకానికి అదే నయం. 96,000 ఫైళ్లున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 65,536 అంకెల ఫిల్టర్ 44,100లో దాదాపు సెకనున్నర పొడవుంటుంది. 96,000లో సెకనులో మూడింట రెండొంతులే. పొడవు తగ్గితే కింది స్వరాలను విడదీసే పదును తగ్గుతుంది. అప్పుడు అంకెలు పెంచుకోవాలి.

ఈసారి ఎవరికీ ఏమీ చెప్పకుండా, నాయనమ్మ మంచం మీద ఒత్తిగిలి ఉండగా ఫైలు పెట్టాను. మొదటి పాట అయింది. పలకలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. రెండోవైపు తాత పాట ఆపి ‘చాయ్ వెట్టినవా?’ అన్నాడు.

నాయనమ్మ లేచి కూర్చుంది.

‘‘గిప్పుడు గీయనే. మల్ల వెట్టు.’’

పెట్టాను. మూడోసారీ పెట్టాను. ఈలోగా ఏడింటి హైదరాబాద్ బస్సు వెళ్లిపోయింది.