మొన్న డ్యూటీలో ఎంతసేపు పడుకున్నారక్కా?

మా చెల్లికి నీట్ పీజీ ర్యాంకు వచ్చిన రాత్రే నేను ల్యాప్‌టాప్ తెరిచి ఒక షీట్ తయారుచేశా. కాలేజీ పేరు, కిందటేడు ఆఖరి ర్యాంకు, ఫీజు, స్టైపెండ్, మా ఊరి నుంచి దూరం... మొత్తం పదకొండు కాలమ్‌లు. ఒక్కోదానికి మార్కులు వేసి, ఫార్ములా పెట్టి, మొదటి అయిదు కాలేజీలు తేల్చేశా. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఇంకేం కావాలి అనుకున్నా.

చెల్లి షీట్ అంతా చూసి ఒకే మాట అడిగింది. "అన్నా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే పెద్ద డాక్టర్లు వస్తారో రారో ఏ కాలమ్‌లో ఉంది?"

నా దగ్గర జవాబు లేదు.

తను కోరుకున్నది గైనిక్. పేరుకు చదువే కానీ, ఆ మూడేళ్లూ ఆస్పత్రిలో జూనియర్ రెసిడెంట్‌గా పనిచేయాలి. రెసిడెంట్లకు ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వేయొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే చెప్పింది. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల్లో వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు కూడా ఉన్నాయి. ఇదంతా కాగితం మీద. వార్డులో సంగతి అక్కడ ఉన్నవాళ్లే చెప్పాలి. నాకు ఉద్యోగం నచ్చకపోతే నోటీస్ పీరియడ్ పూర్తిచేసి బయటపడతా. పీజీ సీటు మధ్యలో వదిలేస్తే చాలాచోట్ల లక్షల్లో బాండ్ డబ్బు కట్టాలి.

నిజానికి ఈ పాఠం నాకు ముందే తెలిసుండాలి. మొదటి కంపెనీలో చేరేముందు "వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుంది?" అని హెచ్‌ఆర్‌ని అడిగితే "సూపర్" అన్నారు. చేరిన రెండో వారంలో టీ కొట్టు దగ్గర ఒక సీనియర్ అసలు కథ చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అందుకే ఈసారి ముందే వెళ్లాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్ద సర్కారు ఆస్పత్రిలో రెండో ఏడాది పీజీ ఒకామె దొరికారు. క్యాంటీన్‌లో కూర్చున్నాం. "ఇక్కడ ఎలా ఉంటుందక్కా?" అంది చెల్లి. "బాగుంటుంది, కేసులు ఎక్కువ, బాగా నేర్చుకోవచ్చు" అన్నారామె. అచ్చం మా హెచ్‌ఆర్‌లాగే!

చెల్లి కాసేపు ఆగి ఇంకోలా అడిగింది. "మొన్న డ్యూటీలో ఎంతసేపు పడుకున్నారక్కా?"

ఆమె నవ్వేశారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "పొద్దున ఎనిమిదికి వచ్చా. మర్నాడు సాయంత్రం రూమ్‌కి వెళ్లా. మధ్యలో గంటన్నర కళ్లు మూశానేమో." అక్కడి నుంచి మేం అడగాల్సిన పనే లేకపోయింది. మొదటి ఏడాదంతా శాంపిళ్లు మోయడం, కేస్ షీట్లు రాయడమే. రౌండ్స్‌లో అందరి ముందూ తిట్లు. కిందటేడు ఒకమ్మాయి సీటు వదిలేసి వెళ్లిపోయింది. "కానీ ఒకటి. బ్లీడింగ్ ఆగట్లేదని అర్ధరాత్రి ఫోన్ చేస్తే మా మేడమ్ తిడుతూనే వస్తారు. రాకుండా మాత్రం ఉండరు" అన్నారు. లేచేటప్పుడు గొంతు తగ్గించి, "నా పేరు ఎక్కడా అనకండి. నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది వాళ్లే" అన్నారు.

ఇక నా షీట్‌లో నంబర్ వన్ కాలేజీ. అక్కడి మూడో ఏడాది పీజీతో ఫోన్‌లో మాట్లాడాం. "హాయిగా ఉంటుంది, రాత్రిళ్లు నిద్రపోవచ్చు" అన్నారు. నేను చెల్లి వైపు చూసి బొటనవేలు పైకెత్తా. చెల్లి పట్టించుకోలేదు. "మీరు సొంతంగా ఎన్ని సిజేరియన్లు చేశారక్కా?" అంది. అవతల కాసేపు నిశ్శబ్దం. "పేషెంట్లే పెద్దగా రారమ్మా. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకొన్ని నెలల్లో బయటికెళ్తా. ఒక్కదాన్నే ఎలా చేయాలో భయంగా ఉంది."

ఇంట్లో పెద్ద గొడవే అయింది. నేనూ అమ్మా నిద్ర ఉన్నచోటికే ఓటేశాం. "వదిలేసి వెళ్లిన పిల్ల సంగతి మర్చిపోయావా?" అన్నా. "మర్చిపోలేదన్నా. అక్కడ ఏం భరించాలో ముందే తెలిసింది. ఇక్కడ మూడేళ్లయ్యాక తెలుస్తుంది" అంది. వెబ్ ఆప్షన్లలో సర్కారు ఆస్పత్రినే మొదట పెట్టింది. వచ్చింది, చేరింది.

అంతా సుఖాంతం అని చెప్పను. చేరిన మూడో నెలలో ఒకరోజు తెల్లవారుజామున ఫోన్ చేసి, "మానేస్తా అన్నా" అని ఏడ్చింది. ఏం చెప్పాలో తెలీక వింటూ కూర్చున్నా. ముందే తెలిసినంత మాత్రాన కష్టం తగ్గదని ఆ రోజు అర్థమైంది. కానీ "నన్ను మోసం చేశారు" అన్న మాట మాత్రం తన నోట రాలేదు. కాసేపటికి, "ఆ అక్క చెప్పింది కదా, మొదటి ఏడాది ఇంతేనని" అని తనే ముక్కు తుడుచుకుని వార్డుకి వెళ్లింది.

మొన్న ఇంటికి వచ్చినప్పుడు తనకో ఫోన్ వచ్చింది. ఎవరో ఆప్షన్లు పెట్టుకుంటున్న అమ్మాయి. "అక్కా, అక్కడ ఎలా ఉంటుంది?"

"బాగుంటుంది" అంది చెల్లి. నా వైపు చూసి ఒక్క క్షణం ఆగింది. "అలా అడక్కు తల్లీ. మొన్న డ్యూటీలో ఎంతసేపు పడుకున్నావని అడుగు, చెప్తా."