పాతర గడ్డి

మా వైపు జొన్నలు పాతర వేయడం తాతలనాటి మాట. గడ్డిని పాతర వేస్తామంటే మాత్రం మా నాయనమ్మ నవ్వింది. "పచ్చిగడ్డి పూడ్చిపెడితే ఎరువవుతుందిరా అబ్బాయీ, మేతెట్లా అవుతుంది?" అంది. ఆమె మాటలో సైన్సు లేకపోలేదు. గాలి తగిలితే ఎరువే. గాలి లేకపోతే గడ్డిలోని చక్కెరను బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చి పి.హెచ్.ను 4 దగ్గరకు దింపుతాయి. ఆ పులుపులో కుళ్ళు సాగదు. పెరుగును పుల్లబరచేదీ ఈ ఆమ్లమే గదా! ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు విర్టానెన్‌కు 1945లో రసాయన శాస్త్రపు నోబెల్ వచ్చింది ముఖ్యంగా పచ్చిమేతను నిలవచేసే పద్ధతికే.

మాది మెట్ట. ఏప్రిల్‌కల్లా పచ్చిమేత ఉండదు. ఏటా వేసవిలో ఒక గేదెను వచ్చిన ధరకు అమ్మడం, వానలు పడ్డాక అంతకు మించి పెట్టి కొనడం. నా హాస్టలు ఖర్చు వెళ్ళేది పాల డబ్బుతోనే కనుక ఈ లెక్క నాకు బాగా తెలుసు.

గుంత దగ్గరే తగవు వచ్చింది. నాన్న వెడల్పుగా, లోతుగా తవ్వుదామన్నాడు. మాకున్నవి రెండు గేదెలు. రోజుకు 30 కిలోలు తీస్తే చాలు. ఘనపు మీటరులో సుమారు 500 కిలోలు పడుతుంది. అయిదడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు గుంతయితే రోజుకు అంగుళం మందమే తీయగలం. అంతలో తెరిచిన ముఖానికి గాలి తగిలి బూజు పడుతుంది. మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతయితే మూడంగుళాలు తీయొచ్చు. తొంభై రోజులకు ఇరవై రెండడుగుల పొడవు కావాలి. "ఇది పాతరా, పంటకాలువా?" అంది నాయనమ్మ.

మొక్కజొన్న గింజ పాలుపోసుకుని గట్టిపడే వేళ కోశాం. అంగుళం ముక్కలు చేసి పొర మీద పొర వేసి తొక్కాం. తొక్కడమే అసలు పని. మర్నాడు కాళ్ళు లేవలేదు. పైన ప్లాస్టిక్ పట్టా, ఆ పైన మట్టి. నలభై అయిదు రోజులు ఎవరినీ ముట్టనీయలేదు.

తెరిస్తే పసుపుపచ్చగా, పుల్లటి వాసన. గేదెలు మొదటిరోజు మూతి తిప్పుకున్నాయి. చొప్పలో కలిపి అలవాటు చేశాం. పాలకు వాసన పట్టకుండా పితికిన తర్వాతే పెడతాం. మే నెలలో పాలు పెరగలేదు, అంతగా తగ్గనూ లేదు. ఆ వేసవిలో రెండు గేదెలూ కొట్టంలోనే ఉన్నాయి.